దరియా ఎదురు నెట్టినప్పుడు



2024 సైలాబ్ మాట వచ్చినప్పుడల్లా నన్నొక సవాల్ అడుగుతుంటారు: "కృష్ణ కట్ట తెగలేదు కదా భాయ్, మరి సింగ్‌నగర్ ఎలా మునిగింది?" జవాబులో సగం వానలో ఉంది. మిగతా సగం మన బెజవాడ తారీఖ్‌లో ఉంది.

ముందు ఇంటి సంగతి చూద్దాం. గట్టి వానకు వీధి కాలువ నిండితే గుసల్‌ఖానా తూములోంచి నీళ్లు పైకి పొంగుతాయి. తూము బాగానే ఉంటుంది. అవతలి నీటిమట్టం ఎత్తు పెరిగి, ఇవతలి నీటిని ఎదురు నెడుతుంది. పైపుల పనివాళ్లు దీన్నే బ్యాక్ ప్రెషర్ అంటారు.

మన డెల్టా రిజ్క్ కూడా ఈ ఎదురు ఒత్తిడి చలవే. 1852-55లో కెప్టెన్ చార్లెస్ ఆర్ ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య ఆనకట్ట కట్టించాడు. మక్సద్ ఒక్కటే: నదిని ఆపి, మట్టం పెంచి, నీటిని రెండు వైపులా కాలువల్లోకి ఎక్కించడం. 1952లో దానికి గండి పడింది. 1957కల్లా 70 గేట్ల ప్రకాశం బ్యారేజీ సిద్ధమైంది.

ఇక బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు అది. దాని వరద ఊరి మీద పడకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, మళ్లింపు కాలువతో ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలో కలిపారు. తర్కీబ్ మంచిదే, కానీ ఒక షరతు ఉంది: ఆ వేళ కృష్ణ నిండుగా ఉండకూడదు.

2024 సెప్టెంబర్ 1, 2 తేదీల్లో ఆ షరతు తప్పింది. బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. గేట్లన్నీ ఎత్తేశారు. అప్పుడు ఎదురు నెట్టింది నిండు దరియానే. పై నుంచి బుడమేరు ఉరుకుతోంది, కింద నది దారి ఇవ్వడం లేదు. కట్టకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం బస్తీల్లో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. అటు కొల్లేరు నీటికి సముద్రం చేరే దారి ఉప్పుటేరు ఒక్కటే. సముద్రం పోటెత్తితే అక్కడా ఎదురు ఒత్తిడే.

ఇంటి పైపుకు నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టుకోవచ్చు. బయటి నీరు లోపలికి రాదు. అయితే అది మూసుకున్నంతసేపూ మన ఇంటి నీరు కూడా బయటికి పోదు. కట్టలూ గేట్లూ అంతే. అవి ఆపగలవు, కొత్త దారి చూపలేవు.

అందుకే బేటా పెళ్లికో బేటీ చదువుకో దాచిన పైసలతో జాగా కొనే ఖాన్‌దాన్‌లకు నా గుజారిష్: "ఇక్కడికి వరద వస్తుందా?" అని అడిగి ఊరుకోకండి. "ఇక్కడి నీరు ఎటు పోతుంది? ఆ చోటు నిండితే ఏమవుతుంది?" అనీ అడగండి.

ఖుదా హాఫిజ్.