మట్టి మీద మూడు వేళ్లు

1986 జనవరి. కడప జిల్లా సిద్దవటం దగ్గరి రెడ్డిపల్లి. ఐతన్న అనే పిట్టల వేటగాడు రాత్రిపూట లైటు వెలుగులో ఒక పిట్టను ప్రాణాలతో పట్టాడు. ఎదమీద రెండు గోధుమరంగు పట్టెలు, కంఠం మీద నారింజ ఛాయ మచ్చ, కళ్లపైన తెల్లటి గీత. ఊళ్లోవాళ్లకు అది కలివికోడి. కలివిపొదల్లో తిరుగుతుందని ఆ పేరు. శాస్త్రవేత్తల లెక్కలో మాత్రం అది 86 ఏళ్లుగా లేని పిట్ట.

మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ దీన్ని లోకానికి తెలియజేశాడు. 1848లో శాస్త్రీయంగా పేరు పెట్టారు. 1900లో అనంతపురం దగ్గర ఒకసారి కనిపించింది, అంతే. తర్వాత వెతికినవాళ్లందరూ ఉత్తచేతులతో తిరిగొచ్చారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వచ్చిన భరత్ భూషణ్ బొమ్మ చూపి ఊళ్లలో ఆరా తీశాకే దారి దొరికింది. అడవిలో రాత్రి తిరిగేవాళ్లకు తెలిసిన సంగతి పుస్తకాలకు తెలియలేదు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. ఐతన్న పట్టిన పిట్ట కొద్ది రోజులకే చనిపోయింది. అయినా ఆ జాతి బతికే ఉందన్న కబురు అప్పటికి 89 ఏళ్ల పక్షి శాస్త్రవేత్త సలీం అలీకి అందింది. 1988లో ఆ పిట్ట కోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

అభయారణ్యమైతే వచ్చింది. మరి అందులో ఎన్ని పిట్టలున్నాయి? పగలు పొదచాటున కదలకుండా ఉండి, చీకటి పడ్డాక తిరిగే పిట్టను లెక్కపెట్టడం ఎలా? వలవేసి పట్టే ధైర్యం ఎవరికుంటుంది? పరిశోధకుడు పంచాపకేశన్ జగన్నాథన్, ఆయన సహచరులు కనిపెట్టిన ఉపాయం చాలా సాదాది. పొదల మధ్య ఖాళీ జాగాల్లో మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి చదును చేశారు. సాయంత్రం చదును చేసిన పట్టీని తెల్లారి వచ్చి చూస్తే, రాత్రి ఎవరెవరు నడిచారో మట్టే చెబుతుంది. కౌజుపిట్ట, అడవికోడి నడిస్తే వెనకవేలు గుర్తు పడుతుంది. కలివికోడి పరుగెత్తే పిట్ట, దానికి వెనకవేలే లేదు. ముందువైపు మూడు వేళ్లే. అయితే వేరే కొన్ని పిట్టలకూ అలాంటి కాళ్లే ఉంటాయి. అందుకని పట్టీల దగ్గర, ఏదైనా దాటితే తనంతట తానే ఫోటో తీసే కెమెరాలు పెట్టి అచ్చును ఫోటోతో పోల్చుకున్నారు. మునిమాపువేళ అది కూసే కూతను రికార్డు చేశాక, దాన్ని వినిపించి బదులు కూత కోసం చెవులు రిక్కించడమూ మొదలైంది. పిట్టను ముట్టుకోకుండానే దాని ఉనికి తెలుసుకున్నారు.

ఈ పరిశీలన ఇంకో సంగతి చెప్పింది. హెక్టారుకు పెద్ద పొదలు 300 నుంచి 700 దాకా ఉన్నచోట కలివికోడి జాడలు ఎక్కువ. అడవి బాగా చిక్కబడినా ఉండదు, పూర్తిగా బోడి అయినా ఉండదు. ఆ పలచన ఎక్కణ్నుంచి వచ్చింది? మేకల మేత, వంటచెరకు కొట్టడం ఒక మోతాదులో సాగడం వల్ల! కంచె వేసి మనుషుల్ని గెంటేస్తే పొదలు కమ్ముకుంటాయి. అదుపు లేకుండా నరికితే నేల ఎండిపోతుంది. ఇక్కడ అడవి కాపలా అంటే ఆ మోతాదు నిలబెట్టడం. కాపరులతో మాట్లాడకుండా ఆఫీసులో కూర్చుని చేసే పని కాదిది.

ముప్పు మరోవైపు నుంచి వచ్చింది. 1991 నుంచి 2000 దాకా ఉపగ్రహ చిత్రాలు చూస్తే ఈ ప్రాంతంలో పొదల నేల తగ్గి, సాగునేల పెరిగింది. తెలుగుగంగ కాలువ దారి కూడా కలివికోడి నేలకు అడ్డంగా వచ్చింది. తవ్వకం కంటపడ్డ పరిశోధకులు గొడవపెట్టాక, విషయం సుప్రీంకోర్టు కమిటీ దాకా వెళ్లాక కాలువ దారి మార్చారు. సీమకు నీళ్లు ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. నీళ్లూ వచ్చే, పిట్టా బతికే దారి ఉందని అప్పుడు రుజువైంది.

లోకానికి తెలిసిన కలివికోడి గుడ్డు ఒక్కటే. కోలారు బంగారు గనుల దగ్గర 1917లో ఎర్నెస్ట్ మీటన్ అనే పశువైద్యుడు సేకరించాడు. చేతులు మారి మారి స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయానికి చేరి, అక్కడి మ్యూజియంలో ఎవరికీ పట్టకుండా ఉండిపోయింది. 2013లో బయటపడ్డాక, పాత నమూనా పిట్ట డీఎన్ఏతో పోల్చి అది కలివికోడిదేనని తేల్చారు. మన నేలమీద మాత్రం దాని గూడు ఎలా ఉంటుందో ఇంతవరకు ఎవరూ వర్ణించలేదు.

2008 తర్వాత ఏళ్ల తరబడి గట్టి ఆధారం ఒక్కటీ దొరకలేదు. సిద్దవటం, బద్వేలు వైపు మీ బంధువులెవరైనా ఉంటే, అడవి ఎరిగిన పెద్దవాళ్లను ఒకసారి కదిలించండి. కలివికోడి పేరు చెప్పి ఎప్పుడు చూశారో, ఎక్కడ కూత విన్నారో అడిగి రాసుకోండి. అటవీశాఖకు తెలియజేయండి. టార్చిలైటు పట్టుకుని మీరు మాత్రం రాత్రిపూట అడవిలోకి పోవద్దు.