దీపం ఆర్పితే చీకటి ఎవరికి?

రామతీర్థం కొండల నుంచి ఆగ్నేయంగా సముద్రం వైపు వస్తే, పూసపాటిరేగ మండలంలో చింతపల్లి అనే మత్స్యకారుల ఊరు వస్తుంది. ఇంగ్లీషు వాళ్ళ రికార్డుల్లో ఈ పేరు సంతపిల్లి అయిపోయింది. అక్కడ కొండ మీద 1847లో ఒక దీపం పెట్టారు. ఒడ్డుకి దూరంగా సముద్రంలో రాళ్ళున్నాయి, భీమునిపట్నం రేవుకి పోయే ఓడలు వాటికి తగులుకోకూడదు, అందుకని. ఆ దీపం రాత్రంతా చెప్పే మాట ఒక్కటే: ఇక్కడ రాళ్ళున్నాయి, జాగ్రత్త.

ఆ మాట ఎవరితో చెబుతోందో చూడండి. కంపెనీ ఓడతో చెబుతుంది, ఫ్రెంచి ఓడతో చెబుతుంది, పేరూ జెండా లేని తెప్పతో కూడా చెబుతుంది. చూసేవాడెవడో దీపానికి అక్కర్లేదు. సముద్రం మీద హెచ్చరిక అనేది మొదట్నుంచీ అలాంటిదే. శత్రువుకి దాచి మిత్రుడికి మాత్రమే చూపించే దీపాన్ని ఇంతవరకు ఎవరూ కట్టలేదు.

యుద్ధం వచ్చినప్పుడు ఇదే పెద్ద చిక్కు.

దీపం చెప్పే మాటనే కాగితం మీద చెప్పేది నౌకాపటం, అంటే చార్ట్. అది అచ్చయిన రోజునే పాతబడటం మొదలవుతుంది. ఇసుక మేటలు జరుగుతాయి, కొత్త బోయాలు వేస్తారు, ఎక్కడో ఓ ఓడ మునుగుతుంది. అందుకని బ్రిటిష్ అడ్మిరల్టీ 1834 నుంచి 'నోటీసెస్ టు మెరైనర్స్' పేరుతో నావికులకి ప్రకటనలు వేయడం మొదలుపెట్టింది. ఫలానా చార్ట్‌లో, ఫలానా అక్షాంశ రేఖాంశాల దగ్గర, ఫలానా గుర్తు చేర్చండి లేదా కొట్టేయండి అని వాటిలో ఉంటుంది. ఓడలో రెండో ఆఫీసరు సన్నటి పెన్నుతో, ఊదారంగు సిరాతో ఆ మార్పు గీసి, చార్ట్ కింద ఎడమ మూలలో నోటీసు నంబరు రాసుకుంటాడు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో అది ప్యాచ్, ఆ ఎడమ మూల వెర్షన్ హిస్టరీ. ఆ మూల చూస్తే చాలు, ఆ చార్ట్‌ని ఎంతవరకు నమ్మొచ్చో తెలిసిపోతుంది.

మన దేశంలో ఈ పని 1874లో కలకత్తాలో మెరైన్ సర్వే ఆఫ్ ఇండియాగా మొదలైంది. ఇప్పుడు ఆ ఆఫీసు డెహ్రాడూన్‌లో ఉంది. బంగాళాఖాతం లోతులు హిమాలయాల పాదాల దగ్గర కూర్చుని దిద్దుతారన్నమాట. నెలకి రెండుసార్లు నోటీసులు వెలువడతాయి.

శాంతికాలంలో ఇదంతా బాగానే నడుస్తుంది. 1914 సెప్టెంబరులో ఏమైందో చూద్దాం.

జర్మన్ యుద్ధనౌక ఎండెన్ ఆ నెల 10న బంగాళాఖాతంలో వేట మొదలుపెట్టింది. కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్. దూరం నుంచి బ్రిటిష్ నౌకలా కనబడాలని దొంగ పొగగొట్టం ఒకటి అదనంగా పెట్టుకున్నాడు. అయిదు రోజుల్లో ఆరు బ్రిటిష్ ఓడలు ముంచాడు. అన్ని రోజులు అతనికి సాయపడినవేంటో తెలుసా? పట్టుకున్న ఓడల్లో దొరికిన కలకత్తా పత్రికలు. ఏ ఓడ ఎప్పుడు బయల్దేరుతుందో, ఎక్కడికి పోతుందో వాటిలో మామూలుగా అచ్చయ్యేది. వ్యాపారుల సౌకర్యం కోసం వేసిన సమాచారమే శత్రువుకి వేట పట్టీ అయింది.

ఎండెన్‌ని బయటపెట్టింది కూడా ఒక హెచ్చరికే. సెప్టెంబరు 13న ముల్లర్ లొరెడానో అనే ఇటలీ ఓడని ఆపాడు. ఇటలీ అప్పటికి తటస్థ దేశం కాబట్టి వదిలేశాడు. దాని కెప్టెన్ దారిలో ఎదురైన సిటీ ఆఫ్ రంగూన్ అనే ఓడకి విషయం చెప్పేశాడు. అక్కణ్ణుంచి కబురు కలకత్తా చేరింది, ఓడలన్నిటికీ వైర్‌లెస్‌లో హెచ్చరిక వెళ్ళింది. ఆ హెచ్చరికని ఎండెన్ కూడా వింది! తన సంగతి తెలిసిపోయిందని శత్రువుకే చెప్పకుండా, తమ ఓడలకి మాత్రం చెప్పడం ఎలా? ఆ వైర్‌లెస్‌కి ఆ దారి లేదు. ముల్లర్ అక్కణ్ణుంచి జారుకుని, సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు ముందు తేలాడు. రేవులో దీపాలు ఎప్పట్లాగే వెలుగుతున్నాయి. ఆ వెలుగు సాయంతో దగ్గరికొచ్చి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టి పోయాడు. తమిళంలో గట్టి పిండాన్ని, జిత్తులమారిని 'ఎండన్' అనడం ఆ రాత్రి నుంచి వచ్చిందే.

మద్రాసు ప్రభుత్వం నేర్చుకున్న పాఠం మనం ఊహించగలం: దీపం వెలిగితే శత్రువుకి దారి. ఆ మాట నిజమే. దాని రెండో సగం 1942లో అర్థమైంది.

1942 మార్చి ఆఖరుకి రంగూన్ పోయింది, అండమాన్ పోయింది. కలకత్తా రేవు ఓడలతో కిక్కిరిసి ఉంది. బాంబులు పడితే అన్నీ ఒకేచోట తగలబడతాయని భయపడి, వాటిని చెదరగొట్టి పంపించేశారు. కాపలా నౌకలు లేవు. తీరాన్ని అంటిపెట్టుకుని పొమ్మన్నారు. ఒడ్డు దగ్గరుంటే రక్షణ అన్నది ఆనాటి లెక్క. అదే సమయంలో జపాన్ అడ్మిరల్ ఒజావా ర్యూజో అనే విమానవాహక నౌకతో, క్రూయిజర్లతో బంగాళాఖాతంలో దిగి, తన దళాన్ని మూడు ముక్కలుగా విడగొట్టి ఇదే తీరం వెంబడి వేట మొదలుపెట్టాడు. ఏప్రిల్ 6న ర్యూజో విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మనకి ఆ రోజు 'విశాఖ మీద బాంబులు పడిన రోజు'గానే గుర్తుంది. ఊరు ఖాళీ చేసి లోపలి పల్లెలకి పోయిన కుటుంబాల కథలు ఉత్తరాంధ్రలో ఇంటింటా వినబడతాయి.

సముద్రం మీద జరిగింది అంతకంటే చాలా పెద్దది. ఆ రెండు మూడు రోజుల్లో దాదాపు ఇరవై వ్యాపార ఓడలు మునిగాయి. మాల్డా, ఇండోరా, గండారా, డార్డనస్, ఆటోలైకస్, గ్యాంజెస్... వీటిలో మొదటి మూడూ బ్రిటిష్ ఇండియా కంపెనీవి. ఆ కంపెనీ ఓడల్లో బొగ్గు వేసేవాళ్ళు, తాళ్ళు లాగేవాళ్ళు, వంటవాళ్ళు ఎక్కువమంది లస్కర్లు, అంటే మనవాళ్ళు. విశాఖలో పడిన బాంబుల గురించి చదువుకున్నాం గానీ, ఆ లస్కర్ల గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యం చూసిన గుర్తు నాకు లేదు. శత్రువు ఎక్కడున్నాడన్న కబురు ఆ ఓడలకి వేళకి చేరలేదు. తీరమే దిక్కు అన్న పాత సలహా ఒక్కటే వాళ్ళ చేతిలో ఉంది. కాలం చెల్లిన హెచ్చరిక, అసలు లేని హెచ్చరిక కంటే ప్రమాదం. లేనిదాన్ని ఎవరూ నమ్ముకుని బయల్దేరరు కదా.

ఇక 1971. 'ఘాజీ' సినిమా పుణ్యమా అని ఈ కథ మన తరానికి తెలుసు. సినిమాలో ఉన్న సబ్‌మెరైన్ పోరాటం కల్పన. అసలు కథలో ఆయుధాల కంటే ముందు పనిచేసినవి అబద్ధాలు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ నవంబరు 14న కరాచీ నుంచి బయల్దేరింది, మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ని అండమాన్ వైపు దాచేసి, పాత నౌక రాజ్‌పుత్ చేత విక్రాంత్ లాగా వైర్‌లెస్ సందేశాలు పంపించాడు. విశాఖ బజార్లో పెద్ద నౌకకి సరిపడా కూరగాయలు, మాంసం ఆర్డరు చేయించాడు. అన్నిటికంటే నాకు నచ్చేది టెలిగ్రాం. విక్రాంత్‌లో పనిచేసే నావికుడెవరో జబ్బుతో ఉన్న తన తల్లి యోగక్షేమాలు అడుగుతున్నట్టు మామూలు టెలిగ్రాం ఒకటి కావాలనే రహస్య సంకేతం లేకుండా పంపారు. 1914లో శత్రువు పత్రికలు చదివి నిజం తెలుసుకున్నాడు. 1971 నాటికి, శత్రువు చదువుతాడని తెలిసే అబద్ధం రాశారు.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఊరంతా బ్లాకౌట్‌లో ఉండగా రేవు బయట పెద్ద పేలుడు. బీచ్ రోడ్డు ఇళ్ళ కిటికీ అద్దాలు అదిరాయి. రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలకే ఘాజీ పోయిందని మన వాదన. తను పెట్టిన మైన్ తనకే తగిలిందనో, లోపలే పేలుడు జరిగిందనో ఇతరుల వాదన. తీరమంతా చీకటిగా ఉండటంతో ఆనవాళ్ళు దొరక్క తన మైన్ల మీదికి తనే వచ్చిందని ఊహించినవాళ్ళూ ఉన్నారు. ఏది నిజమైనా తొంభై మందికి పైగా మనుషులు నీళ్ళలో పోయారు.

తెల్లారాక ఆ సంగతి మొదట పట్టుకున్నది మత్స్యకారులు. నీటి మీద తేలుతున్న చమురు, శిథిలాలు, లైఫ్ జాకెట్టు చూసి నేవీకి కబురిచ్చారు. ఆ నీళ్ళలో మైన్లున్నాయేమోనని వాళ్ళకి ముందుగా నోటీసు పంపినవాళ్ళెవరు? నోటీసు పంపాలంటే ఓడకి చార్ట్ ఉండాలి, రేడియో ఉండాలి. తెప్పకి రెండూ లేవు. కొండ ఆనవాలు, తాటిచెట్టు ఆనవాలు చూసుకుని పోయేవాడి పేరు ఏ హెచ్చరిక జాబితాలోనూ ఉండదు. ఘాజీ మునిగిందని ప్రభుత్వం లోకానికి చెప్పింది డిసెంబరు 9న. బెస్తవాడ అంతకి ముందే చెప్పేసింది.

యుద్ధం అయ్యాక చార్ట్‌ని మళ్ళీ నిజం చెయ్యాలి. దానికి పట్టే కాలం యుద్ధం కంటే ఎక్కువ. అదే యుద్ధంలో చిట్టగాంగ్ రేవు మైన్లతో, మునిగిన ఓడలతో నిండిపోయింది. పోరాటం 13 రోజులు సాగింది. సోవియట్ నౌకాదళం ఆ రేవుని శుభ్రం చేయడానికి 1972 ఏప్రిల్ నుంచి 1974 జూన్ దాకా పట్టింది.

మునిగిన ఓడకి చార్ట్‌లో గుర్తు ఒకటే: చిన్న అడ్డగీత, దాని మీద మూడు నిలువుగీతలు. దారికి అడ్డమైతే చుట్టూ చుక్కల వలయం. ముంచినవాడు ఎవడు, మునిగినవాడు వీరుడా ద్రోహా అన్నది ఆ గుర్తులో లేదు. విశాఖ బీచ్‌లో విజయ స్మారకం ఉంది, పాకిస్తాన్ వాళ్ళ కథలో త్యాగం ఉంది. చార్ట్‌లో మాత్రం 'ఇక్కడ ఒకటి మునిగింది, జాగ్రత్త' అనే ఉంటుంది. చింతపల్లి దీపం చెప్పిన మాటే మళ్ళీ. ఈ యుద్ధాల గురించి నేను చదివిన వాటిల్లో ఎవరి పక్షమూ పట్టని రాత అదొక్కటే.

ఇప్పుడు పద్ధతులు మారాయి. ప్రపంచ సముద్రాలని నావేరియాలుగా పంచుకున్నారు. మనది ఎనిమిదోది, దానికి సమన్వయకర్త భారతదేశమే. తీరం దగ్గర నావ్‌టెక్స్ ఉంది. కాకినాడ పక్కన వాకలపూడి నుంచి కూడా ప్రసారం చేస్తారు. అందులో నాకు ఆశ్చర్యం కలిగించిన ఏర్పాటు ఒకటుంది. ఓడలో యంత్రానికి కొన్ని రకాల సందేశాలు వద్దని చెప్పుకోవచ్చు. ప్రమాద హెచ్చరికలని మాత్రం వద్దనే వీలు లేదు, అవి వచ్చి తీరతాయి. నోటిఫికేషన్లన్నీ మ్యూట్ చేసుకుని బతికే మనకి ఇది వింతే.

కానీ ఆ యంత్రం ఉన్నవాళ్ళకే ఈ ఏర్పాటు. 2018 చివర్లో గుజరాత్ తీరంలో కూలికి వేటకెళ్ళిన మన మత్స్యకారులు పాకిస్తాన్ జలాల్లోకి వెళ్ళి పట్టుబడ్డారు. ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళు. ఇరవై మంది 2020 జనవరిలో వాఘా దగ్గర ఇటు అడుగుపెట్టారు. 'తండేల్' సినిమాకి ఆధారం అదే. వాళ్ళు దాటిన గీత చార్ట్‌లో చక్కగా కనబడుతుంది. నీళ్ళ మీద కనబడదు. అది యుద్ధకాలం కూడా కాదు.

రేపు మళ్ళీ యుద్ధమొస్తే మళ్ళీ దీపాలు ఆర్పుతారు. ఆర్పాల్సి రావచ్చు కూడా, మద్రాసు సంగతి చూశాం కదా. కాకపోతే ఆర్పేముందు ఒక లెక్క వేసుకోవాలి. ఈ చీకటి శత్రువుకి ఎంత, మనవాళ్ళకి ఎంత? జీపీఎస్ ఉన్న యుద్ధనౌకకి చింతపల్లి దీపం పెద్ద అవసరం కాదు. రాత్రి వేట ముగించుకుని ఒడ్డు వెతుక్కునే పడవకి అవసరం.