ఫలాఫిల్, గారె, పిప్పలి

ఫలాఫిల్‌ను చూసిన శ్రీకాకుళం, విజయనగరం వారెవరైనా ‘ఇది మన గారెయే గదా’ అంటారు. ఈ పోలికనుండి రెండు అపోహలు పుట్టినవి. గారెను అరబ్బు వర్తకులు ఈ తీరానికి తెచ్చారని ఒకటి, మనవారే దానిని మిస్రుకు చేర్చారని మరొకటి. రెండింటికీ ఆధారం లేదు. 12వ శతాబ్దపు మానసోల్లాసంలోనే వటకాలున్నవి. 1226 నాటి అల్ బగ్దాదీ పాకగ్రంథంలో సంబూసక్ ఉన్నది గాని ఫలాఫిల్ లేదు. ఫరోలు తిన్నారన్నది ప్రచారం మాత్రమే.

మిస్రులో దీనిని ఫూల్ అనే పెద్ద చిక్కుడు గింజలతో చేసి తఅమియ్య అంటారు. షామ్ దేశాలలో సెనగలు వాడతారు. గింజలను ఉడికిస్తారనుకోవడం పొరపాటు. నానబెట్టి రుబ్బుతారు. ఉడికిన పిండి నూనెలో విడిపోతుంది. గారెలు వండే ఇల్లాలికి ఇది చెప్పనక్కరలేదు.

షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో జామియా మసీదు కట్టించిన శ్రీకాకుళంలో, ఇఫ్తారుకు గారెకంటె ఫలాఫిలే ఎక్కువ ‘ఇస్లామీయం’ అని ఎవరైనా తలిస్తే అది చరిత్రా కాదు, ధర్మమూ కాదు. ఖర్జూరంతో ఉపవాస విరమణ సున్నత్. ఫలాఫిల్‌కు అటువంటి స్థానమేదీ లేదు.

ప్రయాణం చేసినది వంట కాదు, పేరు. ఫలాఫిల్ అనేది మిరియమనే అర్థంగల ఫిల్‌ఫిల్‌కు బహువచనమని భాషావేత్తలలో ఎక్కువమంది అభిప్రాయం. దానికి మూలం పారశీక పిల్‌పిల్, దానికి మూలం సంస్కృత పిప్పలి. అరబ్బీలో పకారం లేనందున అది ఫకారమయినది. ఆ పిప్పలిని మన పొరుగున విశాఖ మన్యంలో నేటికీ వేళ్లకోసం పండిస్తున్నారు.