నాచునుండి నూతన ఔషధము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు వరిమళ్ళలో పచ్చని నాచు అందరెరిగినదే. అట్టి సామాన్యజీవులనుండియే మందులు పుట్టగలవు.

1948లో యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనకు నాయకత్వము వహించిన లెడర్లీ సంస్థనుండి ఆరియోమైసిన్ వెలువడినది. దానిని మట్టిలోని సూక్ష్మజీవి యిచ్చినది. కాని క్రమముగా పలు బాక్టీరియాలు ఇట్టి మందులకు లొంగకుండెను.

1944లోనే అమెరికాలో ప్రాట్ బృందము క్లోరెల్లా నాచునుండి క్లోరెల్లిన్ అను బాక్టీరియానాశకమును తీసెను. అది కొవ్వు ఆమ్లములనుండి పుట్టినదేగాని ప్రోటీను కాదని పిమ్మట తేలినది, మందుగా నిలువలేదు.

2017లో లండన్ శాస్త్రజ్ఞులు వేరొక దారి చూపిరి. బాక్టీరియాను చంపు వైరసు జన్యువును క్లామిడోమోనాస్ నాచులో చేర్చిరి. ఆ నాచు న్యుమోనియా బాక్టీరియా గోడను ఛేదించు ప్రోటీనును తయారుచేసెను. ఇది ప్రయోగశాలలోని విజయము. ఇట్టి మందు చేతికందువరకు ఉన్న మందులను వైద్యుడు చెప్పినట్లే వాడుట అందరి బాధ్యత.