క్యారెక్టర్, గ్లిఫ్

కంప్యూటర్ దాచుకునే అక్షర సంకేతం క్యారెక్టర్. తెర మీదో, కాగితం మీదో కనిపించే రూపం గ్లిఫ్. క్యారెక్టర్‌కు యూనికోడ్‌లో ఒక సంఖ్య ఉంటుంది. గ్లిఫ్ మాత్రం ఫాంటు సొత్తు. తెలుగుకు యూనికోడ్ కేటాయించిన స్థానాలు 128. గుణింతాలు, ఒత్తులు కలుపుకొని ఒక్కో ఫాంటులో గ్లిఫ్‌లు వందల్లో ఉంటాయి.

‘హనుమకొండ’లో మనం లెక్కపెట్టేవి 5 అక్షరాలు, కంప్యూటర్ దాచేవి 8 క్యారెక్టర్లు. ‘కొం’ ఒక్కటే మూడు: క, ఒత్వం, సున్న. గ్లిఫ్‌లు ఎన్నన్నది ఫాంటును బట్టి ఉంటుంది. ఒకదానిలో ‘కొ’ ఒకే బొమ్మ, మరొకదానిలో రెండు ముక్కలు.

పక్కనున్న వరంగల్‌తో చిక్కు ఇంకా ఎక్కువ. ఆ పేరుకు ‘లో’ చేర్చి టైపు చేస్తే పొల్లు పోయి, ‘లో’లోని లకారం కాస్తా ఒత్తుగా మారి ‘వరంగల్లో’ అవుతుంది. ‘వరంగల్‌లో’ అని విడిగా నిలవాలంటే మధ్యన జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టాలి. అదీ క్యారెక్టరే, కానీ కంటికి కనిపించే రూపమేదీ దానికి లేదు.

యూనికోడ్ రాకముందు డీటీపీ పనిలో వాడిన ఫాంటులు గ్లిఫ్ ముక్కలనే, ఇంగ్లీషు అక్షరాల సంకేతాల చాటున, దాచేవి. అప్పటికి అదే దారి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ పాత ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. తెలుగు పదం టైపు చేసి వెతికినా దొరకదు.