సర్వస్వ త్యాగం

జీవితంలో ఒక దశ ముగిసి మరో దశలో అడుగుపెట్టేటప్పుడు తనవైన వస్తువులను, ధనాన్ని, నగలను దానంగానో మొక్కుబడిగానో విడిచిపెట్టే ఆచారం. భారతదేశంలో దీనికి వైదిక యజ్ఞాల కాలం నుంచి దాఖలాలున్నాయి. సన్న్యాసంలో, జైన బౌద్ధ దీక్షల్లో, దేవుడి మొక్కుల్లో ఇది ఇష్టపూర్వకంగా జరిగేది. వైధవ్యంలో మాత్రం బలవంతంగా జరిగేది. పురాణాలు త్యాగాన్ని ఎంత పొగిడినా ధర్మశాస్త్రకారులను, న్యాయమూర్తులను వేధించిన ప్రశ్నలు వేరు. విడిచిన సొత్తు ఎవరికి చేరాలి? అందులో అసలు అతనిదెంత? వెనక మిగిలినవాళ్ల గతేమిటి? ఈ ఆచారం చరిత్రలో చాలా భాగం ఈ ప్రశ్నల చుట్టూనే నడిచింది.

యజ్ఞదక్షిణ

యజమాని తనకున్నదంతా దక్షిణగా ఇచ్చేయవలసిన యాగం విశ్వజిత్తు. కాళిదాసు రఘువంశం అయిదో సర్గలో రఘుమహారాజు ఈ యాగం ముగించి కూర్చున్న సమయానికే కౌత్సుడు గురుదక్షిణ కోసం వస్తాడు. అతనికి అర్ఘ్యమివ్వడానికి రాజు దగ్గర మట్టిపాత్ర తప్ప మరేమీ మిగల్లేదు. కఠోపనిషత్తులో వాజశ్రవసుడు కూడా సర్వమూ ఇస్తానన్నవాడే. తీరా ఇచ్చేటప్పుడు పాలుడిగిన ముసలి ఆవులను తోలించాడు. అది చూసిన కొడుకు నచికేతుడు, మరి నన్నెవరికిస్తావని తండ్రిని అడిగాడు.

కథగా చదివితే అది పిల్లవాడి నిలదీత. వేదవిధుల అర్థాన్ని తర్కించే మీమాంసకులకు మాత్రం తేల్చక తప్పని శాస్త్రచర్చ. సర్వస్వం ఇవ్వాలని వేదం చెప్పింది కదా, ఆ లెక్కన తల్లిదండ్రులను, పిల్లలను కూడా ఇవ్వవచ్చా? జైమిని సూత్రాల ఆరో అధ్యాయం, దానికి శబరస్వామి రాసిన భాష్యం ఈ ప్రశ్నను అంశాలవారీగా విడదీశాయి. బంధువులు సొత్తు కారు గనుక వారిని ఇవ్వరాదు. భూమి మనుషులందరికీ సమానంగా చెందింది గనుక రాజైనా దాన్ని దానం చేయలేడు. ధర్మబుద్ధితో కొలువు చేసే సేవకుణ్ణి ఇవ్వడానికి వీల్లేదు. ఇక మిగతా ధనంలోనూ దక్షిణ ఇచ్చే వేళకు చేతిలో ఉన్నదే లెక్క. ముందెప్పుడో ఉన్నదీ, రేపు రాబోయేదీ ఇందులోకి రావు. సర్వమూ ఇచ్చేయమన్న విధి చివరికి ఎవరికి దేనిమీద హక్కుందో తేల్చే చర్చ అయింది. ప్రాచీన భారతంలో స్వామ్యం గురించి జరిగిన నిశితమైన చర్చల్లో ఇదొకటి.

ఇల్లు విడిచేవారు, వెనక ఉండేవారు

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచే ముందు తన ఆస్తిని ఇద్దరు భార్యలకు పంచబోతాడు. మైత్రేయి ధనం వద్దు, జ్ఞానం కావాలంటుంది. తరతరాల వ్యాఖ్యానాలన్నీ ఆమె ప్రశ్న వెంటే నడిచాయి. రెండో భార్య కాత్యాయని తన వాటా గురించి ఏమందో ఉపనిషత్తు చెప్పదు. అయినా గమనించవలసింది ఒకటుంది. ఇంతటి జ్ఞాని కూడా పంపకం చేయకుండా గడప దాటలేదు.

కౌటిల్యుడు దాన్నే చట్టం చేశాడు. భార్యాబిడ్డల పోషణకు ఏర్పాటు చేయకుండా సన్న్యసించినవాడికి అర్థశాస్త్రం జరిమానా విధించింది. స్త్రీని సన్న్యాసంలోకి దింపినవాడికీ అదే శిక్ష. వయసుడిగినవాడు కూడా న్యాయాధికారులను అడిగి మరీ వెళ్లాలి. బౌద్ధంలోనూ ఇలాంటి కట్టుబాట్లే కనిపిస్తాయి. అప్పులున్నవాణ్ణి, బానిసను, రాజు కొలువులోని సైనికుణ్ణి సంఘంలో చేర్చుకోకూడదని వినయపిటకం నిషేధించింది. తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. మనవడు రాహులుడు కూడా భిక్షువైపోయాక బుద్ధుడి తండ్రి శుద్ధోదనుడు పడ్డ బాధ ఫలితం ఆ నియమం. అన్నీ విడిచి వచ్చిన భిక్షువుకు మూడు చీవరాలు (వస్త్రాలు), భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, నీళ్లు వడగట్టే గుడ్డ మిగులుతాయి. ఆ కొద్దిపాటి సొత్తుకూ వారసత్వ నియమం ఉంది. జబ్బుపడ్డ భిక్షువు మరణిస్తే అతని పాత్ర, చీవరాలు పరిచర్య చేసిన భిక్షువుకు ఇవ్వాలి.

బ్రాహ్మణ సన్న్యాసవిధిలో ప్రాజాపత్యేష్టి, విరజాహోమం, బతికుండగానే తన శ్రాద్ధం తాను పెట్టుకోవడం ముఖ్యమైన అంగాలు. ఉన్నదంతా ఇచ్చేసి, శిఖాయజ్ఞోపవీతాలను నీళ్లలో విడిచి, దండం, కమండలం, కాషాయం చేపడతారు. చావు దగ్గరపడిందనిపించినప్పుడు తీసుకునేది ఆతుర సన్న్యాసం. తెలుగు బ్రాహ్మణ కుటుంబాల్లోనూ ఇది ఉండేది.

అంతా వదిలేసినవాడు పోయాక పంచడానికి ఏముంటుంది? ఆ సందేహం విజ్ఞానేశ్వరుడికీ వచ్చింది. యాజ్ఞవల్క్యస్మృతి మీద ఆయన రాసిన మితాక్షర దానికి జవాబు చెప్పింది. యతికీ కట్టుబట్ట, పాదుకలు, యోగసాధనకు కావలసిన సామగ్రి ఉంటాయి. అవి కొడుకులకు పోవు, యోగ్యుడైన శిష్యుడికి చెందుతాయి. మఠాల గురుశిష్య వారసత్వానికి శాస్త్రంలో దొరికే ఆధారాల్లో ఇదొకటి. చెప్పిన సొత్తు ఒక జత పాదుకలే కావచ్చు, తర్వాతి కాలంలో ఆ వరుసలోనే ఎస్టేట్లు కూడా చేతులు మారాయి. మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు చేశాడు.

ఆధునిక న్యాయస్థానాలు సన్న్యాసాన్ని పౌరమరణంగా గుర్తించాయి. సన్న్యసించినవాడికి పూర్వాశ్రమపు ఆస్తిలో హక్కు పోతుంది. అయితే కాషాయం కట్టినంత మాత్రాన చాలదు, సంప్రదాయం కోరే విధులు జరిగినట్టు రుజువు చేయాలి. 1955 నాటి హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ కింద, జీవిత భాగస్వామి మతవ్యవస్థలో చేరి ప్రపంచాన్ని త్యజిస్తే విడాకులు కోరవచ్చు. పేదరికాన్ని వ్రతంగా స్వీకరించిన క్రైస్తవ సన్న్యాసినులు, గురువులు కూడా ఈ పౌరమరణం వాదాన్ని ఎత్తుకున్నారు. ఎయిడెడ్ విద్యాసంస్థల్లో తమకొచ్చే జీతం మఠానికే పోతుంది గనుక అందులోంచి పన్ను కోయరాదన్నారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

అందరూ చూస్తుండగా

త్యాగానికి సాక్షులు కావాలి. చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ 643లో ప్రయాగలో చూసిన దానోత్సవం ఇందుకు పెద్ద ఉదాహరణ. అయిదేళ్లకోసారి హర్షవర్ధనుడు ఖజానా అంతా దానం చేసేవాడు. ఒంటిమీది నగలు, పట్టుబట్టలు కూడా ఇచ్చేసి చెల్లెలు రాజ్యశ్రీ ఇచ్చిన పాతవస్త్రం కట్టుకున్నాడట. ఏనుగులను, గుర్రాలను, ఆయుధసామగ్రిని మాత్రం ఇవ్వలేదు, రాజ్యరక్షణకు అవసరమన్నాడు. సామంతరాజులు ఆ నగలను దానం పుచ్చుకున్నవాళ్ల దగ్గర కొని మళ్లీ హర్షుడికే సమర్పించారు. జీవితం మారని సర్వస్వదానం ఇది. తర్వాతి ఉత్సవం నాటికి ఖజానా మళ్లీ నిండాలి కదా.

జైనుల వర్షీదానం అలా తిరిగి రాదు. తీర్థంకరులు దీక్షకు ముందు ఏడాదిపాటు రోజుకు కోటీ ఎనిమిది లక్షల బంగారు నాణేలు పంచారని సంప్రదాయం చెబుతుంది. 360 రోజుల ఏడాదికి అది 388 కోట్ల 80 లక్షలు. ఈ లెక్కను చరిత్రగా తీసుకోనక్కర్లేదు. నేటి దీక్షార్థులు ఊరేగింపులో రథం మీంచి నాణేలు, బట్టలు, సామాన్లు జనానికి విసరడానికి మూలం మాత్రం ఆ కథే. పెళ్లివారిలా అలంకరించుకుని వచ్చినవారు నగలన్నీ తీసేసి, తెల్లబట్టలు కట్టి, రజోహరణం (ఉన్ని కుంచె) అందుకుని కొత్త పేరుతో బయటికి వస్తారు. మహావీరుడు ముప్ఫయ్యో ఏట దీక్ష తీసుకున్నాక ఒక్క వస్త్రంతో పదమూడు నెలలు గడిపి దాన్నీ విడిచాడని శ్వేతాంబరులంటారు. దిగంబరులు ఆ వస్త్రాన్నీ ఒప్పుకోరు.

నిలువుదోపిడి

తెలుగునాట గృహస్థులకు దక్కిన సర్వస్వ త్యాగం తిరుమల వెంకటేశ్వరుడికి మొక్కుకునే నిలువుదోపిడి. పెద్ద జబ్బు తగ్గితేనో, కాన్పు సుఖంగా జరిగితేనో, పెళ్లి కుదిరితేనో ఒంటిమీది నగలన్నీ వలిచి హుండీలో వేస్తామని మొక్కుకుంటారు. ఇంట్లో బీరువాలో ఉన్న బంగారం ఈ లెక్కలోకి రాదు. మొక్కు తీర్చే వేళకు ఒంటిమీద ఏముంటే అదే. దక్షిణ వేళకు చేతిలో ఉన్నదే ఇవ్వాలన్న మీమాంసకుల తీర్పు ఎవరికీ తెలియకుండానే ఇక్కడ అమలవుతోంది. పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు దేవుడింకా తీరుస్తూనే ఉన్నాడన్న కథ ఉంది గనుక, ఇచ్చినది ఎక్కడికి పోతుందన్న అనుమానమూ భక్తుడికి రాదు.

జాతీయోద్యమ కాలంలో ఈ ఒలుపు దేవుడి నుంచి దేశం వైపు మళ్లింది. 1921లో కాకినాడ వచ్చిన గాంధీకి చేతి బంగారు గాజులు తీసి ఇచ్చినవారిలో పన్నెండో ఏట ఉన్న దుర్గాబాయి (తర్వాతి దుర్గాబాయి దేశ్‌ముఖ్) కూడా ఉంది. అంతకు ఇరవయ్యేళ్ల ముందు, 1901లో, దక్షిణాఫ్రికా నుంచి బయల్దేరుతూ గాంధీ తమకొచ్చిన కానుకలన్నీ ప్రజాసేవ కోసం ట్రస్టుకు అప్పగించాడు. వాటిలో తనకిచ్చిన బంగారు హారాన్ని వదులుకోవడానికి కస్తూర్బా ససేమిరా అంది. రేపు వచ్చే కోడళ్లకు నగలెక్కడివని అడిగింది. గాంధీ తన ఆత్మకథలోనే ఈ వాదాన్ని రాశాడు. ఆమె మాట నెగ్గలేదు.

బలవంతపు త్యాగం

భర్త పోయిన స్త్రీ గాజులు, మెట్టెలు, మంగళసూత్రం తీసేయడం కూడా దశమార్పును వస్తువులతో గుర్తించడమే. విధి ఒకటే అయినా ఇష్టం అనేది ఇందులో లేదు. సన్న్యాసి పదిమంది ముందు తనంతట తానే విడుస్తాడు. వితంతువుకు పదోరోజున పదిమందీ చేరి ఒలిచేవారు. కొన్ని కులాల్లో తలా గొరిగించేవారు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించాడు. అయితే పునర్వివాహం చేసుకోని వితంతువుల నగల సంగతి వితంతు వివాహోద్యమంతో తేలలేదు. 2022 మేలో మహారాష్ట్రలోని కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామపంచాయతీ గాజులు పగలగొట్టడాన్ని, కుంకుమ చెరపడాన్ని, మంగళసూత్రం తెంచడాన్ని నిషేధిస్తూ తీర్మానించింది. అదే నెలలో ఆ రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలు కూడా ఈ తీర్మానాన్ని అనుసరించాలని ఉత్తర్వు పంపింది.