బస్తరియా బెటాలియన్

బస్తరియా బెటాలియన్ కేంద్ర రిజర్వు పోలీసు దళం (సీఆర్‌పీఎఫ్)లో 241వది. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపుర్, దంతెవాడ, నారాయణపుర్ జిల్లాల ఆదివాసీ యువతీయువకులతో 2017 ఏప్రిల్ 1న ఏర్పాటైంది. వీటిలో సుక్మా, బీజాపుర్ జిల్లాలు భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం అడవులకు ఆవలి అంచు. సరిహద్దు గీతకు ఇటు కోయలు, అటు దోర్లలు; మాటా చుట్టరికమూ కలిసినవాళ్లు. సైన్యంలో భాగం కాకపోయినా, పనిని బట్టి చూస్తే ఇది పదాతి పటాలమే.

ఈ అడవుల్లోకి అంతకుముందు వచ్చినవన్నీ పరాయి పటాలాలు. 1879లో మొదలైన రంప పితూరీ భద్రాచలం ప్రాంతంలోని రేకపల్లెకు పాకింది. అక్కడ పోడు మీద పన్ను పెంచడమే జనానికి కడుపుమంట. దాన్ని అణచడానికి మద్రాసు ప్రభుత్వం ఆరు పదాతి రెజిమెంట్లను దించింది. హైదరాబాదు నుంచి మరో పదాతి దళం వచ్చింది. 1922-24లో అల్లూరి సీతారామరాజును వెంటాడడానికి మలబారు స్పెషల్ పోలీసుల్ని, ఆ తర్వాత అస్సాం రైఫిల్స్‌ను తెచ్చారు. దారులు తెలియక, భాష రాక వాళ్లు పడ్డ అవస్థకు మన్యం జ్వరాలు తోడయ్యాయి.

స్థానికుల చేతికే తుపాకీ ఇచ్చిన ప్రయోగం 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా పుట్టిన సల్వా జుడుంతో వచ్చింది. అది విషాదం. కొద్దిపాటి చదువు, అరకొర శిక్షణ ఉన్న ఆదివాసీ యువకుల్ని నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనంతో ప్రత్యేక పోలీసు అధికారులుగా (ఎస్పీవోలు) తీసుకున్నారు. వాళ్లలో కొందరిని కోయ కమాండోలన్నారు. ఊళ్లు తగలబడ్డాయి. వేలమంది ప్రాణాలు అరచేత పట్టుకుని ఖమ్మం అడవుల్లోకి వచ్చి, గుత్తికోయల గూడేలుగా స్థిరపడ్డారు. 2011 జూలై 5న జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్.నిజ్జర్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం ఈ పద్ధతి రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని తేల్చి, ఎస్పీవోలను మావోయిస్టులపై పోరుకు వాడొద్దని ఆదేశించింది.

బస్తరియా బెటాలియన్‌ను ఆ చరిత్రతో పోల్చి చూడాలి. ఇక్కడ జవానుది పర్మినెంటు ఉద్యోగం, పూర్తి జీతం, పూర్తి శిక్షణ. ఎత్తు, బరువుల నిబంధనల్ని ఆదివాసీల కోసం సడలించారు. మూడోవంతు చోటు మహిళలకు కేటాయించారు. 2018 మే 21న అంబికాపుర్‌లో అప్పటి హోం మంత్రి రాజ్‌నాథ్ సింగ్ సమక్షంలో శిక్షణ ముగించుకున్న 534 మందిలో 189 మంది మహిళలు. భాష, బాటలు తెలిసినవారు దళానికి అవసరం. ఉపాధి ఆ జిల్లాలకు అవసరం. కానీ ఎదురుగా అడవిలో ఉన్న మావోయిస్టూ తరచు తమ ఊరివాడే. ఎవరు తుపాకీ పట్టారో ఊరంతటికీ తెలుసు కనుక, ఆ భారం ఇంట్లోవాళ్లూ మోశారు. పరాయి పటాలాలకు ఈ బాధ లేదు.

లోపలి ఊళ్లలో పదో తరగతి చదివినవారు దొరకడం కష్టం కావడంతో, 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం బీజాపుర్, దంతెవాడ, సుక్మాల నుంచి 400 మంది కానిస్టేబుళ్ల నియామకానికి అర్హతను ఎనిమిదో తరగతికి తగ్గించింది. చేరాక వాళ్లచేత పదో తరగతి పాస్ చేయించే బాధ్యత సీఆర్‌పీఎఫ్‌కే అప్పగించింది.